జాబితాలో రాయని పని

నా చెయ్యి నా కూతుర్ని మరిచిపోతుందని నాకు భయం. అన్నిటికంటే పెద్ద భయం ఇదే. పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే భయపడతాను, నాగావళి పొంగితే భయపడతాను, మా ఆయన పనిచేసే షెడ్డు మూసేస్తారట అన్న మాట చెవిన పడితే భయపడతాను. అవన్నీ మా వీధిలో అందరికీ ఉన్నవే. ఇది మాత్రం నా ఒక్కదానికే వచ్చిందని చాలా రోజులు అనుకున్నాను. ఇంకొకామెకు ఇంతకంటే ఘోరమైనది వచ్చిందని తర్వాత తెలిసింది. ఆమె కోసం కూడా ఇది రాస్తున్నాను. చివరి దాకా చదవండి, మీతో ఒక పని ఉంది.

నా పేరు గౌరీశ్వరి. శ్రీకాకుళంలో ఉంటాం. మా అమ్మ చనిపోవడంతో నా చదువు తొమ్మిదో తరగతి సగంలోనే ఆగింది. మా ఆయన తవిటినాయుడు, డ్రైవరు లేకుండా తిరిగే ఆటోలకు బ్యాటరీలు మార్చే షెడ్డులో చేస్తాడు. మా పాప కుందనకు మూడేళ్ళు.

కుందన పుట్టినప్పుడు మా ఆడపడుచు ఒక ఉయ్యాల కొనిచ్చింది. పిల్ల ఏడిస్తే విని దానంతటదే ఊగేది. ఏడుపు ఆకలిదా, తడిదా, నిద్రదా అన్నది కూడా దానికి తెలుసట. నిజంగానే తెలిసేది. కానీ అది ఎంత ఊగినా కుందన కళ్ళు మూసేది గానీ నిద్రపోయేది కాదు, చేత్తో గాల్లో వెతికేది. తీసి చాప మీద పడుకోబెట్టి, పక్కకు తిప్పి, వీపు మీద అరచెయ్యి కాస్త గుంటగా చేసి కొట్టాలి. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. పాతిక లెక్కపెట్టే లోపు నిద్రపోయేది. మా అమ్మ నన్ను అలాగే జోకొట్టేదని మా పెద్దమ్మ చెప్పింది. నాకు ఎవరూ నేర్పలేదు. కుందన పుట్టిన మూడో రోజున నా చెయ్యి తనే మొదలుపెట్టింది.

పిల్లకు రెండున్నర ఏళ్ళప్పుడు నేను ల్యాబులో పనికి కుదిరాను, పొద్దున పూట పిల్లను మా ఆడపడుచు చూసుకునేది. వంతెన అవతల, ఒకప్పుడు రైసు మిల్లుగా ఉన్న కట్టడంలో ఉండేది ఆ ల్యాబు. పెద్ద చదువులు వద్దన్నారు. ఏళ్ళ తరబడి కంప్యూటరు ముందు కూర్చున్న చేతులు పనికిరావట, ఇంటిపని చేసిన చేతులు కావాలట. నా చదువు ఆగిపోవడం ఎక్కడో ఒకచోట పనికొచ్చిందని ఆ రోజు కొంచెం సంతోషపడ్డాను కూడా.

ల్యాబు పెద్ద మందాకిని మేడమ్. నెరిసిన జుట్టు కత్తిరించుకుని, ఎప్పుడూ నేతచీరలోనే ఉండేది. మొదటి రోజు నన్ను ఒక పొడవాటి గదిలోకి తీసుకెళ్ళి గోడకున్న అరలు చూపించింది. ఈ చివర నాలుగు వందల ఏళ్ళ నాటి రోకలి. నడుము దగ్గర రెండు చేతుల వెడల్పున అరిగి ఉంది. దాని పక్కన తిరగలి పిడి, కవ్వం, తాటాకు మీద రాసే గంటం, ఏతం బాన కట్టిన కర్ర. ఇంకాస్త ముందుకెళితే కుట్టుమిషను చక్రం పిడి, టైపు మిషను మీటలు. ఆ చివర అంకెలు చెరిగిపోయిన పాత మీటల సెల్‌ఫోను. దాని తర్వాత అర ఖాళీ.

ఖాళీ ఎందుకని అడిగాను.

"తర్వాత అన్నీ అద్దాలే. అద్దం మీద చెయ్యి అరగదు, అద్దమూ అరగదు" అంది మేడమ్. "గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచావు కదా, నాలుగు వందల ఏళ్ళు నడిచావు. నడిచే కొద్దీ మన చేతికి వచ్చిన పనులు ఒక్కొక్కటీ రాలిపోయాయి. మనం వాటిని ఏరుకొస్తున్నాం."

ఎలా ఏరుతారో చెప్పలేదు, చూపించారు. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు ఒకే పిడి పట్టుకుంటే చెమటా నూనే ఒత్తిడీ దాని మీద పొరలు పొరలుగా దిగుతాయి. యంత్రం వెలుతురు పంపి పై పొర నుంచి లోపలి పొర దాకా చదువుతుంది. పై పొర ఆ మనిషి ఆఖరి ఏళ్ళది, లోపలిది మొదటి ఏళ్ళది. ఏ వేలు ఎంత నొక్కింది, మణికట్టు ఎటు తిరిగింది, ఎంతసేపు ఆగింది, అన్నీ తెలుస్తాయి. అది నేరుగా యంత్రపు చేతికి నేర్పితే రావడం లేదు, బండగా వస్తోంది. మధ్యలో ప్రాణమున్న చెయ్యి ఒకటి కావాలి. అది నాది. గాజులు తీసి, వేళ్ళ నుంచి భుజం దాకా ఒక మెత్తటి తొడుగు వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటే, మొదటి వారం తొడుగే నా చేతిని కదుపుతుంది. రెండో వారం ఇద్దరం కదుపుతాం. మూడో వారం తొడుగు తీసేసినా చెయ్యి తనే కదులుతుంది. దాన్ని అక్కడ "చెయ్యి దిగింది" అనేవారు. అప్పుడు నా చేతిని చూసి యంత్రం నేర్చుకుంటుంది.

కుదిరిన రోజే ఒక కాగితం ఇచ్చారు. మీ చేతికి వచ్చిన పనుల్లో పోగొట్టుకోకూడనివి రాయండి అని ఉంది దాని మీద. కొత్త చెయ్యి దిగడానికి చోటు కావాలి. చోటు ఎక్కడ చేసుకుంటుందో ముందుగా చెప్పలేరు. కాబట్టి జాబితాలో ఉన్న పనులన్నీ ముందు నా చేత చేయించి వాటికి తాళం వేస్తారు. మిగిలిన చోట దిగుతుంది.

ఇంటికి తెచ్చుకుని మధ్యాహ్నం రాయడానికి కూర్చున్నాను. కుందన ఒళ్ళో ఉంది. అన్నానికి వచ్చిన మా ఆయన పక్కన కూర్చుని తమాషా చేశాడు.

"నీ పనులన్నీ రాయాలంటే కాగితం ఏం చాలుద్ది గౌరీ, రిజిస్టరు అడక్కపోయావా. నన్ను గిల్లడం రాశావా?"

"అది ఎడమ చేత్తో గిల్లుతాను, దానికి తాళం అక్కర్లేదు."

జడ వేయడం రాశాను. అన్నం కలపడం, ముద్ద చేసి పిల్లకు పెట్టడం, ముగ్గు, కూర తరగడం, సూదిలో దారం ఎక్కించడం, బొత్తాలు, పిల్లకు నీళ్ళు పోయడం, కాటుక, రాయడం, సంతకం. మొత్తం పంతొమ్మిది. రాస్తూ రాస్తూ కుందన కదిలినప్పుడల్లా కలం కింద పెట్టి, వీపు మీద రెండు చిన్నవి ఒకటి పెద్దది వేసి, మళ్ళీ కలం తీసుకుని తర్వాతి పని రాశాను. పంతొమ్మిది పనులకి కనీసం ఆరేడు సార్లు అలా ఆగి ఉంటాను. మా ఆయన చూస్తూనే ఉన్నాడు. ఇరవయ్యోది ఇద్దరికీ తట్టలేదు. అది పని అని ఎవరైనా అనుకుంటారా?

ల్యాబులో నాకంటే ముందు నుంచి ఉన్నామె పైడమ్మ. నేను పైడక్క అనేదాన్ని. యాభై దాటాయి, కళింగపట్నం మనిషి. మొగుడు సముద్రం మీదకు వెళ్ళి రాలేదు. పిల్లల్లేరు. వచ్చినప్పుడు ఆమెకూ ఈ కాగితం ఇచ్చారు, ఖాళీగా తిరిగిచ్చిందట. ఎందుకని నేనడిగితే నవ్వింది.

"నాకేటుందే రాయడానికి. వొండుకుంటాను, తింటాను, తొంగుంటాను. దానికీ కాయితం కావాలేటి?"

అలా ఆమె చేతికి తాళం ఒక్కటీ పడలేదు. అందుకేనేమో పాత చేతులు ఆమెకు ఇట్టే దిగేవి. నేనున్నన్నాళ్ళలో నాకు దిగింది ఒకటి, ఆమెకు మొదటి నుంచీ కలిపి దిగినవి పదకొండు. రోకలి, తిరగలి, కవ్వం, ఏతం, అన్నీ. ఒకరోజు తాటాకు ముందు పెట్టి గంటం చేతికిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు గీసింది. పైడక్కకు తన పేరు రాయడం రాదు. "సదువు లేకపోతే ఏటైందే, పంతులు గారి సెయ్యి నా దగ్గరుంది" అని అందరికీ చూపించుకుని మురిసిపోయింది. ఆ రాసినదేమిటో ఆమెకు తెలియదు. మేడమ్ చదివి, ఎవరిదో పొలం సరిహద్దు గురించి అని చెప్పింది.

నాకు వచ్చింది ఒక దూది దువ్వే పిడి. పొందూరు వైపు దూదిని వాలుగ చేప దవడతో దువ్వేవారు. సన్నటి పళ్ళుంటాయి ఆ దవడకు, గింజ చుట్టూ ఉన్న నూగంతా చక్కగా విడిపోతుంది. దవడ అరిగితే మార్చేవారు, దాన్ని కట్టిన కర్రపిడి మాత్రం ఏళ్ళ తరబడి ఒకటే. ఇది నూట తొంభై ఏళ్ళ నాటిదట. ఒక్క ఆడమనిషి జీవితమంతా పట్టుకున్నది. ఇప్పుడు అంత సన్నం నూలుకి దూది దువ్వే చేతులు మిగల్లేదని, ఒక బట్టల కంపెనీ యంత్రాలకు ఆ చెయ్యి కావాలంది.

పై పొరతో మొదలుపెట్టారు. ఆ మనిషి ముసలితనం. చెయ్యి గట్టిగా, ఎడతెగకుండా దువ్వేది. ఆగేది కాదు. తొడుగు తీశాక నా దవడలు నొప్పి పుట్టేవి. ఎందుకో తెలియకుండానే పళ్ళు బిగబట్టి కూర్చునేదాన్ని.

ఇంకో రెండు వారాలకు లోపలి పొరల్లోకి దిగారు. అక్కడ చెయ్యి మెత్తబడింది. కానీ ఒక చిక్కు వచ్చింది. మూడు సార్లు దువ్వి, నాలుగోసారికి చెయ్యి పని వదిలేసి ఎడమవైపుకు వెళ్ళి, చిటికెన వేలు ముడిచి, మెల్లగా లాగి, మళ్ళీ దూది మీదకు వచ్చేది. రోజంతా ఇంతే. యంత్రం నడిపే వాళ్ళు దాన్ని లోపం అనుకున్నారు. పక్షవాతం ఏమో అన్నారు. ఆ కదలిక తీసేసి మిగతాది యంత్రపు చేతికి ఎక్కించారు. దూది పోగులు తెగిపోయాయి. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ తెగాయి. ఆ కదలికను ఉంచితే తెగడం లేదు. చెయ్యి అటు వెళ్ళిన ఆ కాసేపట్లో విడిపోయిన నూగు తనంతట తాను సర్దుకుంటోంది, ఊపిరి తీసుకున్నట్టు. ఆ ఆగడం లేకుండా ఆ సన్నం రాదు.

ఆ చెయ్యి ఎటు వెళ్తోందో ఎవరికీ అర్థం కాలేదు. పిడి చివర, చిటికెన వేలు ఆనే చోట, దారంతో కోసినట్టు సన్నటి గాడి ఒకటి ఉంది. దాన్నీ భూతద్దంలో చూశారు. నాకు మాత్రం తొడుగులో ఉండగానే తెలిసింది. లాగినప్పుడు అవతల బరువుంది. తిరిగి రావడంలో ఒక ఊపుంది.

"మేడమ్, అది ఉయ్యాల తాడు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"పిడి కింద పెట్టకుండానే చిటికెన వేలితో తాడు లాగుతోంది. ఆ గాడి తాడు కోసింది. పిల్ల ఉంది మేడమ్ అక్కడ."

మందాకిని మేడమ్ ఆ గాడిలో గోరు పెట్టి చూసింది. తర్వాత లెక్కలన్నీ మళ్ళీ తీయించింది. లోపలి పొర నుంచి పైకి, అంటే ఆమె వయసుతో పాటు ముందుకు చదవమంది. పిల్ల పెరుగుతుంటే తాడు లాగడం తగ్గుతూ తగ్గుతూ పోవాలి కదా. తగ్గలేదు. రోజంతా తగిలిన ఉయ్యాల బరువు ఒక్క పొర దగ్గర ఠక్కున పోయింది. పోయిన తర్వాత కూడా కొన్ని నెలల పాటు ఆ చెయ్యి ఎడమవైపుకు వెళ్తూనే ఉంది. వేలు ముడుస్తోంది. లాగుతోంది. అవతల బరువు లేదు. ఆ తర్వాత అటు వెళ్ళడం మానేసింది. గట్టిగా, ఎడతెగకుండా దువ్వడం అక్కడ మొదలైంది. చచ్చిపోయే దాకా అలాగే దువ్వింది.

ఆమె పేరు ఎక్కడా లేదు. పిల్ల పేరూ లేదు. ఆడపిల్లో మగపిల్లాడో కూడా తెలియదు. ఆ రోజు తొడుగు తీసి బయటకు వస్తే పైడక్క మంచినీళ్ళిచ్చి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది.

ఆ వారమే చెయ్యి దిగింది. పరీక్ష పెట్టారు. నా పంతొమ్మిది పనులూ చేయించారు. జడ వేశాను, సూదిలో దారం ఎక్కించాను, సంతకం పెట్టాను. ఏదీ పోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాను. కుందన నిద్రకు మారాం చేస్తోంది. చాప పరిచి పక్కకు తిప్పి పడుకోబెట్టి చెయ్యి వీపు మీద వేశాను. చెయ్యి ఊరుకుంది. ఇంకొకసారి ఎత్తి వేశాను. అది వీపు మీద నుంచి జారి, ఎడమవైపుకు వెళ్ళి, చిటికెన వేలు ముడిచి గాలిని లాగింది. నవ్వొచ్చింది ముందు. అలసిపోయాను కాబోలు అనుకుని, బుద్ధిపూర్వకంగా లెక్కపెట్టుకుంటూ కొట్టాను. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. లెక్క సరిగ్గానే ఉంది. కానీ దిండుకు దుమ్ము దులిపినట్టు పడుతోంది నా చెయ్యి.

కుందన కళ్ళు తెరిచి నా చేతిని పట్టుకుని చూసింది. అటూ ఇటూ తిప్పింది.

"ఈ చెయ్యి వద్దు" అంది. "అమ్మ చెయ్యి కావాలి."

అమ్మనే కదా అన్నాను. వద్దని తల ఊపి, దూరంగా జరిగి, గోడ వైపు తిరిగి ఏడ్చి ఏడ్చి పడుకుంది.

మర్నాడు మేడమ్ దగ్గరకు వెళ్ళాను. ఆమె నా కాగితం తీసి పైనుంచి కిందకి రెండు సార్లు చదివింది. తర్వాత తమ దగ్గరున్న పెద్ద పట్టిక తెచ్చింది. నాలుగు వందల ఏళ్ళలో మనుషుల చేతులు చేసిన పనులన్నీ ఉన్న పట్టిక అది, వేల పనులు. అందులోనూ చదివింది.

"మా పట్టికలోనే లేదు గౌరీశ్వరీ. మాకూ తట్టలేదు" అంది.

మళ్ళీ తెప్పించలేరా అని అడిగాను. నా చెయ్యి ఏదైనా వస్తువు మీద ఆ పని చేసి ఉంటే దాని మీది అరుగుదల చదివి తిరిగి దింపవచ్చట. జోకొట్టడం పిల్ల వీపు మీద పడుతుంది. ఆ వీపు రోజూ పెరుగుతుంది. దాని మీద ఏ గుర్తూ మిగలదు. పాప గౌన్లు తెమ్మన్నారు, తీసుకెళ్ళాను. అన్నీ ఉతికినవే.

గంటం పిడిలో ఎవరిదో పొలం గట్టు మూడు వందల ఏళ్ళు మిగిలింది, చూడండి. మా అమ్మ దగ్గర నుంచి నాకొచ్చినది ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. బస్టాండు ముందు రోడ్డు దాటుతున్నాం. కుందన చెయ్యి నా కుడి చేతిలో ఉంది. రోడ్డు మధ్యలో నా చెయ్యి పిల్లని వదిలేసి ఎడమవైపుకు వెళ్ళి తాడు లాగింది. ఒక్క క్షణమే. ఆటోలు వాటంతటవే ఆగాయి, అది వాటి గొప్పతనం. డ్రైవర్లుండే రోజులైతే ఏమయ్యేదో నేను ఆలోచించను. అప్పటి నుంచి నేను పిల్లను తీసుకుని ఒంటరిగా గడప దాటడం లేదు. ఇంట్లో కూడా ఎడమ చేత్తోనే ఎత్తుకుంటాను.

నేను పని మానేసే ముందు మమ్మల్నిద్దర్నీ, నన్నూ పైడక్కనీ, ఆ బట్టల కంపెనీ షెడ్డు చూడ్డానికి తీసుకెళ్ళారు. పొడవాటి షెడ్డు, రెండు వైపులా వంద యంత్రపు చేతులు. ఒక్కో చేతిలో చేప దవడలాంటిదే ఒక దువ్వెన. మనుషులు లేరు. వందా ఒక్కసారి దువ్వుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. నాలుగోసారికి వందా ఎడమవైపుకు వంగి, చిటికెన వేలు ముడిచి, లాగి, వెనక్కి వస్తున్నాయి. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళు అందంగా ఉందన్నారు. ఎవరో ఫొటోలు తీస్తున్నారు.

పైడక్క నా చెవి దగ్గరకొచ్చింది.

"ఒలే, ఎవులి పిల్లనే ఊపుతున్నాయి ఇవి?"

నా కుడి చెయ్యి కొంగు కింద వాటితో పాటు లాగుతోంది.

ఆ రోజు అక్కడే భోజనం పెట్టారు. పైడక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. కొన్నాళ్ళుగా ఆమె అలాగే కూర్చుంటోంది, నేను గమనించాను. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటోంది, ముప్పాతిక ఒళ్ళో పడుతోంది. అదేంటక్కా అన్నాను. దాచడం కుదరక చూపించింది. కుడి చేత్తో అన్నం కలిపింది. ముద్ద చేసింది. ముద్ద నోటి దాకా రాలేదు. సగంలో మణికట్టు తిరిగి, కిందకు వంగి, తిరగలి నోట్లో గింజలు పోసినట్టు ముద్దను నేల మీద వదిలింది. ఇంకోసారి చేసింది. మళ్ళీ అంతే.

"తిరగలికి ఆకలేత్తందే" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, మేడమ్‌కి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చెబితే పంపేస్తారట, ఇంటికెళితే పలకరించే వాళ్ళు లేరట. ఖాళీగా ఇచ్చిన కాగితం నాకు గుర్తొచ్చింది. నేను ఒక్క పని రాయడం మరిచిపోయాను. ఆమె తనూ ఒక మనిషేనని రాయడం మరిచిపోయింది.

నేను ఒట్టుకి కట్టుబడ్డాను. చెప్పాల్సింది. ఆ తప్పు నాదే.

నెల తిరగకుండానే ఆమె పని ముగిసింది. పాత వస్తువులు అయిపోయాయి. పైడక్క కళింగపట్నం వెళ్ళిపోయింది. వారానికోసారి ఫోను చేసేదాన్ని. తింటున్నావా అక్కా అంటే, "బాగున్నానే, నీ గుంట కుందనెలాగుంది?" అని మాట మార్చేది. మొహం చూపించమంటే ఫోను పాడైందనేది. గొంతు సన్నబడుతోందని అనిపించేది. ఇప్పటికి తొమ్మిది రోజులుగా ఫోను ఎత్తడం లేదు.

మా ఆయన్ని పంపాను. సెలవు పెట్టుకుని వెళ్ళాడు. తలుపు లోపల గడియ వేసి ఉందట. పిలిస్తే లోపల నుంచే "బాగున్నాను నాయినా, తలనొప్పిగా ఉంది, తొంగున్నాను" అందట. సరే అని వచ్చేశాడు. ఎలా ఉందని నేనడిగితే, బాగున్నానంది కదా అన్నాడు. మళ్ళీ సెలవు ఇవ్వలేదు. ల్యాబుకు ఫోను చేస్తే మేడమ్ వేరే ఊరు బదిలీ అయిందన్నారు. నాకు వెళ్ళాలనే ఉంది. మా ఆడపడుచు ఇప్పుడు ఊళ్ళో లేదు, కుందనను వదిలి వెళ్ళలేను, ఆ చేతిని నమ్మి బస్సులో తీసుకునీ వెళ్ళలేను.

కుందన సంగతి కూడా చెప్పాలి. కిందటి నెల ఒక మధ్యాహ్నం వంటింట్లో నుంచి తొంగి చూస్తే, అది తన గుడ్డబొమ్మను చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి వీపు మీద కొడుతోంది. అరచెయ్యి కాస్త గుంటగా. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చే దాకా అలాగే నిలబడిపోయాను. మా అమ్మ చెయ్యి. నా చెయ్యి. పోలేదు, అక్కడుంది.

బదిలీకి ముందు మేడమ్ ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆమె ఆగి ఆగి, చాలా జాగ్రత్తగా, పాపను ఒక్క వారం తీసుకొస్తే చిన్న తొడుగు చేయిస్తామని, పాప చేతిలోది చదివి నాకు దింపవచ్చని చెప్పింది. నాకు ఎంత ఆశ పుట్టిందో దాచను. రోజంతా ఆలోచించాను. చేతిని చదవడమే చేసే తొడుగు చేతిలో నుంచి ఏమీ తీసుకోదని మేడమ్ అంటుంది. నా దాని గురించి కూడా అంతా ఆలోచించే చేశారు. అసలు తొడుగు వేసే ముందు జాబితా రాయాలి. మూడేళ్ళ పిల్ల చేత ఏ జాబితా రాయిస్తాం? దాని చేతికి ఇంకా రాని పనులన్నీ ఎవరు రాస్తారు?

రానన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నాలు కుందనే నన్ను పడుకోబెడుతుంది. చాప మీద పక్కకు తిరుగుతాను. నా కుడి చెయ్యి ఎడమవైపుకు వెళ్తుంటే అది పట్టుకుని వెనక్కి తెచ్చి, వేళ్ళ మీద జోకొడుతుంది. నా చేతిని ఏదో పొరుగింటి పిల్లని చూసినట్టు చూస్తుంది. "ఏడవకు" అంటుంది దానితో. నేర్చుకోవాలని నేను కళ్ళు మూసుకుని ఒక్కో దెబ్బా గమనిస్తాను. ఇంకా రాలేదు. ఆ నూట తొంభై ఏళ్ళ నాటి తల్లికి అవతల బరువు లేదు. నాకు ఉంది. ఆ మాట ఈ చేతికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రాయడం మాత్రం ఏమీ పోలేదు. అది జాబితాలో పదోది. అందుకే ఇంత రాయగలిగాను.

ఇక నేనడగాల్సింది. మీలో ఎవరైనా కళింగపట్నం వైపు ఉంటే, లేదా సముద్రం చూడ్డానికి వెళ్తే, లైట్‌హౌస్‌కి వెళ్ళే దారిలో ఎడమవైపు రెండో సందులోకి తిరగండి. నీలం తలుపు, పక్కన తిరగేసిన పాత తెప్ప ఉంటుంది. పైడమ్మ ఇల్లు అదే. గౌరి పంపిందని చెప్పండి. లోపల నుంచి బాగున్నాను అంటుంది. మా ఆయన విని వచ్చేసినట్టు మీరు వచ్చేయకండి. తలుపు తీసే దాకా ఉండండి. అన్నం తీసుకెళ్ళండి, కలిపి ఆమె ముందు పెట్టి పక్కన కూర్చోండి. ఆమె కుడి చెయ్యి ఎటు వెళ్తుందో చూడండి. ముద్ద నోటి దాకా రాకపోతే, నవ్వి ఏదో ఒకటి చెబుతుంది. వినకుండా, మీ చేత్తో పెట్టండి.